తీర్థయాత్రల పాఠం జడ్చర్ల దారిలో మొదలుపెడితే

డిగ్రీ క్లాసులో "మీకు తెలిసిన ఒక తీర్థయాత్ర గురించి ఒక పేజీ రాయండి" అంటే ముప్పై కాగితాలొస్తాయి, ముప్పైలోనూ ఒకటే కథ. ఒక రాక్షసుడు, ఒక మునీశ్వరుడు, ఎవరికో కల, గుట్ట మీద వెలసిన రాయి. ఒకరు యాదగిరిగుట్ట అంటారు, ఒకరు మన్యంకొండ, ఇంకొకరు చెరువుగట్టు. స్థలపురాణం రాయడం తప్పేం కాదు, కాకపోతే అందులో యాత్రికుడు ఉండడు. నడిచినవాడు, మొక్కినవాడు, మేకను తోలుకుపోయినవాడు, గుట్ట కింద కొబ్బరికాయలు అమ్ముకున్నవాడు, ఒక్కరూ కనిపించరు. యాత్రికుల మీద పాఠం చెప్పేవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు ఇదే.

అందుకని గుడి ముచ్చట చివరికి పెట్టుకొని దారితో మొదలుపెట్టమంటాను. ఎనిమిది పీరియడ్లు దొరికితే మూడు దారికే ఇవ్వాలి. పాలమూరు, నల్లగొండ వైపు చెప్పేవాళ్లకు ఇందుకు చేతికందే పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసి, అంటే ఒకరి మాట ఇంకొకరికి తర్జుమా చేసి చెప్పేవాడు. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిలో రాసుకున్నదంతా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె చేతికి చేరి 1838లో అచ్చయింది. పోయేటప్పుడు కృష్ణ దాటి, పాలమూరు సీమ మీదుగా, జడ్చర్ల దారిన హైదరాబాదు చేరాడు. అక్కణ్నుంచి నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ. వచ్చేటప్పుడు కలకత్తా, పూరీ చూసుకొని సముద్రతీరం వెంట దిగొచ్చాడు. ఇవాళ 44వ నంబరు జాతీయ రహదారి మీద బస్సులో కూర్చునే పిల్లవాడికి జడ్చర్ల పేరు వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. పాఠం అక్కడ అతుక్కుంటుంది.

పుస్తకం మొత్తం చదివించే పని లేదు. కృష్ణ దాటిన చోటు నుంచి హైదరాబాదు దాకా ఉన్న మజిలీలు చాలు. ఒక్కో మజిలీకి నాలుగు గళ్లు గీయించండి: నీళ్లు ఉన్నాయా, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి చోటు ఎక్కడ, ఏలుబడి ఎవరిది. వీరాస్వామయ్య ఏ ఊరు చేరినా ముందు చూసేది ఇవే. పిల్లలు మొదట విసుక్కుంటారు, కాశీ గురించి చెప్పకుండా ఈ అంగళ్ల గోలేమిటని. అప్పుడు బోర్డు మీద ఒక లెక్క వేయాలి. ఆయన వెంట వంద మంది దాకా పరివారం. మనిషికి పూటకు పావుకిలో బియ్యం, రెండు పూటలకు అరకిలో అనుకుంటే రోజుకు యాభై కిలోలు, నెలకు పదిహేను క్వింటాళ్లు. పప్పు, చింతపండు, కట్టెలు, ఎడ్లకు గడ్డి వేరే. పదిహేను నెలల సరుకు మోసుకుపోవడం ఎవరి తరమూ కాదు. అంటే కాశీదారి అన్నది రెండు మూడు రోజులకోసారి బియ్యం దొరికే ఊళ్ల వరుస. అంగడి లేని చోట మజిలీ పడదు, మజిలీ పడని చోట సత్రం లేవదు. ఈ లెక్క వేసిన క్లాసులో ఆ నాలుగు గళ్లు మళ్లీ ఎవరూ ఖాళీగా వదలరు.

కాలం కొలతల దగ్గర తప్పులు పడతాయి. ఘడియ అంటే 24 నిమిషాలు, జాము అంటే మూడు గంటలు. ఘడియను గంట అనుకుంటే ప్రయాణం రెండున్నర రెట్లు సాగిపోతుంది. ముందే చిన్న పట్టిక ఇచ్చేస్తే గొడవుండదు.

ఇంకో ప్రశ్న తప్పకుండా వేయండి: వీరాస్వామయ్య పల్లకీ మోసిన బోయీలు యాత్రికులేనా? వాళ్లూ కాశీదాకా నడిచారు, ఎండకు ఎండారు, గంగను చూశారు. కానీ వాళ్లకు కూలి ముట్టింది. పుణ్యం ఎవరిది? క్లాసు రెండుగా చీలుతుంది, చీలనివ్వండి. ఈ ప్రశ్న మళ్లీ కురుమూర్తి జాతర దగ్గర పనికొస్తుంది.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అక్బరు 1563లో యాత్రికుల పన్ను ఎత్తేశాడని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. కంపెనీ సర్కారు ప్రయాగలో, గయలో, పూరీలో మళ్లీ అదే పన్ను వసూలు చేసిందని, 1840లోగాని రద్దు కాలేదని చాలామంది చెప్పరు. వీరాస్వామయ్య యాత్ర ఆ పన్ను నడుస్తున్న రోజుల్లోది. యాత్ర చరిత్రలో ఖజానా లెక్కలు కూడా ఉంటాయని పిల్లలకు తెలియడం అవసరం.

ఇక మాటలు. ఒక పీరియడు మాటలకే పెట్టండి, నష్టం లేదు. "యాత్ర" అంటే పోవడం. "తీర్థం" అంటే దాటే చోటు, ఏటి రేవు. మన "జాతర" ఆ యాత్ర నుంచే అరిగి వచ్చింది, అయినా వాడుకలో రెండూ వేరు. కాశీకి యాత్ర పోతాం, సూర్యాపేట దగ్గరి పెద్దగట్టుకు జాతరకు పోతాం. "ఉర్సు" అరబ్బీలో పెండ్లి. వలీ, అంటే ముస్లిం సాధువు, చనిపోయిన రోజును దేవుణ్ని కలిసిన రోజుగా జరుపుకోవడం. దర్గాకు పోవడం జియారత్, దాన్ని హజ్ అనకూడదు. ఇంగ్లీషు పిల్‌గ్రిమ్ లాటిన్‌లోని పెరెగ్రీనుస్ నుంచి పుట్టింది, దానర్థం పరాయి దేశస్థుడు. అది అక్కడి ముచ్చట అనుకుంటాం గానీ, మన తెలుగులోనూ అడుక్కుంటూ తిరిగే బైరాగిని "పరదేశి" అంటారు. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాస్తే చాలు, వివరణ అక్కర్లేదు.

హజ్ గురించి మన పిల్లలు రాసే జవాబుల్లో ఒక తప్పు మళ్లీ మళ్లీ వస్తుంది: "ముస్లింలు మక్కాలో కాబా దర్శనం చేసుకుంటారు." గుడి అచ్చులో హజ్‌ను పోసేయడం అది. హజ్‌కు గుండెకాయ కాబా ఉన్న ఊళ్లో లేదు, ఊరి బయట అరఫాత్ మైదానంలో ఉంది. జిల్‌హజ్ నెల 9న అక్కడ నిలబడకపోతే మిగతావన్నీ చేసినా హజ్ కాదు. కాబా చుట్టూ తిరిగే తవాఫ్ ఏడు చుట్లు, సఫా మర్వా గుట్టల నడుమ ఏడుసార్లు నడక, సైతానుకు గుర్తుగా నిలిపిన జమరాత్ దగ్గర ఒక్కోదానికి ఏడేసి రాళ్లు. తవాఫ్‌లో కాబా ఎడమచేతి వైపు ఉంటుంది. మన ప్రదక్షిణలో దేవుడు కుడిచేతి వైపు. నాగార్జునకొండ స్తూపం చుట్టూ బౌద్ధులు తిరిగిందీ కుడివైపుగానే. బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి బాణాలు పెట్టండి. పోలికలు చెప్పేటప్పుడు ఇట్లాంటి చిన్న తేడాలు పట్టుకుంటేనే "అన్ని మతాలూ ఒకటే చెబుతాయి" అనే పడికట్టు మాట నుంచి బయటపడతాం.

క్యాలెండరు మీద ఇంకో పీరియడు. ఇది లెక్కల పని, సోషల్ టీచరు భయపడకూడదు. హిజ్రీ ఏడాదికి 354 రోజులు, అధికమాసం లేదు. అందుకే హజ్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది: అరఫాత్ రోజు 2024లో జూన్ 15, 2025లో జూన్ 5. మనది అధికమాసంతో సర్దుకునే పంచాంగం, అందుకే సూర్యాపేట దగ్గర దురాజుపల్లి పెద్దగట్టు ఎప్పుడూ మాఘంలోనే, చలి విడిచే వేళే. ఇక్కడ తెలివైన పిల్ల ఎవరో ఒకరు లేచి అడుగుతుంది: పాలకవీడు దగ్గర జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉర్సు ఏటా జనవరిలోనే వస్తుంది కదా, దాని తేదీ ఎందుకు ముందుకు జరగదు అని. అడగకపోతే మీరే అడగండి. దర్గా అయినంత మాత్రాన తేదీ మక్కా లెక్కన పడాలని లేదు, పంటలు ఇంటికొచ్చి చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలాన్ని ఊళ్లు పట్టుకుంటాయి. అక్కడికి పోయి కందూరు చేసేవాళ్లలో, అంటే మేకను కోసి మొక్కు విందు పెట్టేవాళ్లలో, హిందువులెంత మందో, నల్లగొండ జిల్లాలో సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అనే పేర్లు వింటే తెలుస్తుంది. హాజరుపట్టీ తీసి అట్లాంటి పేర్లు లెక్కపెట్టమనండి. మొక్కు ఫలించి పుట్టిన బిడ్డకు పెట్టే పేరు అది. హాజరుపట్టీ కూడా చరిత్రకు ఆధారమేనని పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది.

పుష్కరాలకు ఇంకా మంచి లెక్క ఉంది. గురుడు కన్యారాశిలో అడుగుపెడితే కృష్ణకు, మకరంలో పెడితే తుంగభద్రకు. కన్య నుంచి మకరానికి నాలుగు రాశులు, రాశికి ఇంచుమించు ఏడాది. కృష్ణ పుష్కరాలు 2016 ఆగస్టు 12న మొదలయ్యాయి, తుంగభద్రవి 2020 నవంబరు 20న. నాలుగేళ్ల తేడా ఎందుకో పిల్లలే చెబుతారు. గురుడి అసలు చుట్టు 11.86 ఏళ్లు కాబట్టి పన్నెండేళ్ల లెక్క కచ్చితంగా ఎప్పటికీ కుదరదు, ఏడు చుట్లకు ఒక ఏడాది తేడా పడుతుంది. పుష్కరం ఒక్కోసారి పదకొండేళ్లకే వచ్చేది అందుకే. కృష్ణ ఒడ్డున బీచుపల్లిలో ఒకసారి, తుంగభద్ర ఒడ్డున అలంపురంలో నాలుగేళ్లకు ఇంకోసారి ఎందుకు ఘాట్లు కడతారో కూడా దీంతోనే తేలిపోతుంది.

సిద్ధాంతం ఎంత చెప్పాలన్నది పేచీ. నా మట్టుకు రెండు పేర్లు చాలు. 1909లో వాన్ గెన్నెప్ అనే ఫ్రెంచి పండితుడు, మనిషి ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారేటప్పుడు మూడు మెట్లుంటాయన్నాడు: విడిపోవడం, నడుమ ఉండిపోవడం, తిరిగి కలవడం. మానవశాస్త్రం చదివిన దంపతులు విక్టర్ టర్నర్, ఎడిత్ టర్నర్ 1978లో దాన్ని క్రైస్తవ యాత్రలకు అన్వయించి, ఆ నడిమి మెట్టులో హెచ్చుతగ్గులు కరిగి అందరూ ఒకటయ్యే భావం పుడుతుందన్నారు. ఇది నోట్సులో రాయిస్తే పిల్లలు బట్టీపట్టి మర్చిపోతారు. బదులు పెండ్లిలో జరిగే కాశీయాత్ర తంతు గుర్తుచేయండి. వరుడి చేతిలో గొడుగు, కర్ర, కాళ్లకు పావుకోళ్లు. నేను కాశీకి పోతున్నా అని బయలుదేరితే బావమరిది బతిమాలి వెనక్కి తెస్తాడు. ఫొటోల కోసం చేసే వేళాకోళంలా కనిపించినా అందులో యాత్రికుడి సరంజామా మొత్తం ఉంది. మధ్యయుగపు యూరపు యాత్రికుడికీ కర్ర, భుజాన సంచి ఉండేవి, పాదిరీ వాటిని దీవించి చేతికిచ్చేవాడు. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అన్న సామెత మొదటి మెట్టును ఒక్క ముక్కలో చెబుతుంది. కాశీలో ఒక పండో కూరో వదిలేసి రావడం, తిరిగొచ్చాక ఊరికి అన్నాలు పెట్టడం మూడో మెట్టు.

నడిమి మెట్టు వెతుక్కోవాల్సిన పనే లేదు. నవంబరు, డిసెంబరులో క్లాసులోనే అయ్యప్ప మాలలో నల్లబట్టలు కట్టుకొని కూర్చుంటుంది. మాల వేసుకున్న కుర్రాణ్ని మేస్త్రీ నుంచి లెక్చరరు దాకా అందరూ "స్వామీ" అంటారు. మాల తీసిన మర్నాడు అదే కుర్రాణ్ని మళ్లీ "ఏరా". నలభై ఒక్క రోజుల ఆ మర్యాద ఎక్కణ్నుంచి వచ్చింది, ఎటు పోయింది? ఇరుముడి కట్టు కూడా చూపించవచ్చు: ముందు ముడిలో నెయ్యి పోసిన కొబ్బరికాయ, దేవుడి సామాను; వెనక ముడిలో దారిలో తన తిండి. హజ్‌కు పోయే మగవాళ్లకు కుట్టు లేని రెండు తెల్లగుడ్డల ఇహ్రాం. అయితే ఒక జాగ్రత్త. మాలలో ఉన్న విద్యార్థిని లేపి నిలబెట్టి "చూడండి, ఇతనే ఉదాహరణ" అనడం మొరటుదనం. అతను ప్రదర్శన వస్తువు కాడు. తనంతట చెబుతానంటే చెప్పనివ్వండి.

టర్నర్ మాట నిజమేనా అన్నది కురుమూర్తి దగ్గర పరీక్షకు పెట్టాలి. చిన్నచింతకుంట మండలంలో గుట్ట, కార్తీకంలో జాతర. ఉద్దాల ఉత్సవం నాడు స్వామి పాదరక్షలు ఊరేగింపుగా వస్తాయి. వాటిని చిన్నవడ్డెమానులో దళితులు ఉపవాసం ఉండి తోలుతో కుడతారు. ఆ ఉద్దాలను తాకడానికి జనం ఒకరి మీద ఒకరు పడతారు. ఇప్పుడు అడగండి: ఇక్కడ హెచ్చుతగ్గులు కరిగాయా, లేక ఎవరు ఏ పని చేయాలో జాతరే మళ్లీ రాసి పెడుతోందా? రెండు జవాబులకూ ఆధారాలున్నాయి. ఆ రోజు చెప్పు కుట్టిన చేతికి గుట్ట మీద గౌరవం ఉంది. మర్నాడు ఊళ్లో ఆ గౌరవం ఎంత మిగులుతుందన్నది పిల్లలకు మనకంటే బాగా తెలుసు. పెద్దగట్టులోనూ ఇంతే. రెండేళ్లకోసారి, ఆదివారంతో మొదలయ్యే ఐదు రోజుల జాతర. కేసారం నుంచి దేవుడి సామాను ఉన్న దేవరపెట్టె కదలాలి, నైవేద్యం గంపలు రావాలి, నేల మీద చంద్రపట్నం ముగ్గు వేయాలి. ఏ పని ఎవరి హక్కో తరతరాలుగా తేలి ఉంది. "ఓ లింగా" అంటూ కదిలే ఆ జనంలో కలిసిపోవడమూ ఉంది, హక్కుల లెక్కా ఉంది. యాత్ర అంటే రకరకాల మనుషులు పోటీపడే చోటు అని 1991లో ఈడ్, సాల్నో అనే పరిశోధకులు టర్నర్‌కు ఎదురు చెప్పింది ఇలాంటివి చూసే.

సాహిత్యానికి వస్తే మనవాళ్లు ఎందుకో వెంటనే పాతకాలపు ఇంగ్లీషు కవి చాసర్ దగ్గరకు పరిగెడతారు. చాసర్ మంచివాడే, అతని దగ్గరకూ పోదాం. ముందు పాల్కురికి సోమనాథుడు. పండితారాధ్య చరిత్రలోని ఐదు ప్రకరణాల్లో చివరిది పర్వత ప్రకరణం, మొత్తం శ్రీశైలమే. శివరాత్రికి కొండకు చేరే జనం, వాళ్ల ఆటపాటలు, మొక్కులు, బొమ్మలాటలు అందులో ఉన్నాయి. అది ద్విపద, కాబట్టి మౌనంగా చదివించవద్దు, గొంతెత్తి పాడించండి. ఇరవై పంక్తులు పాడితే గుంపు నడక లయ చెవికి తెలుస్తుంది. వెంటనే శ్రీశైలం నాలుగు ద్వారాలు పటం మీద గుర్తుపెట్టించండి: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. చివరి రెండూ మన తెలంగాణవే. ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గరే ఉంటే, కాలినడకన పోయేవాళ్లకు నల్లమల అంటే ఏమిటో ఊహించడం కష్టం కాదు. చైత్ర పున్నమికి నల్లమల లోయలోని సలేశ్వరం పోయేవాళ్లు ఇప్పటికీ దిగేటప్పుడు "వత్తున్నం లింగమయ్యా", ఎక్కేటప్పుడు "పోయొత్తం లింగమయ్యా" అని కేకవేస్తారు. అక్కడ పూజారులు చెంచులు.

చాసర్ కాంటర్‌బరీ కథలకు ముందు ఒక కొలత ఇవ్వండి. లండన్ నుంచి కాంటర్‌బరీ ఇంచుమించు హైదరాబాదు నుంచి నల్లగొండంత. సథర్క్‌లోని టాబర్డ్ సత్రంలో ఇరవై తొమ్మిది మంది కూడారని చాసర్ చెబుతాడు, తనూ వాళ్లలో కలుస్తాడు. ఒక్కొక్కరు పోతూ రెండు, వస్తూ రెండు కథలు చెప్పాలన్నది పందెం. చేతికొచ్చినవి ఇరవై నాలుగే. కథ అసలు కాంటర్‌బరీ చేరనే చేరదు. ఇది పరీక్షలో ఎవరూ అడగరు గానీ, అడగాల్సిన ప్రశ్న అదే: గమ్యం చేరని యాత్రాకావ్యం ఏం చెబుతోంది? వాళ్లు పోతున్నది కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్ సమాధికి. 1170 డిసెంబరు 29న రాజుగారి మనుషులు చర్చిలోనే చంపారు, 1173లో సెయింటు అయ్యాడు, 1538లో ఎనిమిదో హెన్రీ ఆ సమాధిని కూల్పించాడు. యాత్రను తిట్టినవాళ్లూ పాఠంలో ఉండాలి. "చిత్తశుద్ధి లేని శివపూజలేలరా" అన్న వేమనను నోటికి చెప్పే పిల్లలకు, యాత్రలు మాన్పించాలని 1520లో రాసిన జర్మనీ మతసంస్కర్త లూథర్ పరాయివాడిలా అనిపించడు.

క్షేత్రపర్యటనకు జాతర రోజు పోవద్దు. తప్పిపోయినవాళ్లను వెతకడంతోనే పొద్దుపోతుంది. రెండు రోజుల ముందు, అంగళ్లు వేసేటప్పుడు పొండి. గాజులవాళ్లను, రంగులరాట్నం వాళ్లను "దీని ముందు ఏ జాతర, దీని తర్వాత ఏ జాతర" అని అడిగితే పది జాతరల పటం దానంతట అదే తయారవుతుంది. ఇరవై మందిని ఐదుగురేసి నాలుగు జట్లు చేయండి. లెక్క తీసే జట్టు దారి మొదట్లో నిలబడి పావుగంట పాటు నడిచొచ్చినవాళ్లు, ఆటో, ట్రాక్టరు, బస్సు, సొంత బండి వేరువేరుగా గీతలు పెట్టాలి. పొద్దున ఒక్కసారి పెట్టి ఊరుకుంటే లెక్క తప్పుతుంది, ఎందుకంటే దూరపువాళ్లు మధ్యాహ్నానికిగాని చేరరు. మూడు పూటలా తీయాలి. మాట్లాడే జట్టు "ఏం మొక్కుకున్నరు" అని అడగకూడదు. మొక్కు బయటికి చెప్పేది కాదు, అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. "ఎన్నోసారి వచ్చిండ్రు, ఎవరితోని వచ్చిండ్రు, ఏం తెచ్చిండ్రు" అని అడిగితే అసలు సంగతి తనే చెబుతాడు. చెరువుగట్టులో అమావాస్య రాత్రి గుడి దగ్గర నిద్ర చేసే మొక్కుకు వచ్చినవాళ్లతో పొద్దుగూకే ముందు మాట్లాడాలి, తెల్లారి అందరికీ బస్సు తొందరే.

ఒక పెద్ద గందరగోళం గురించి చెప్పి ఆపుతా. సంగమేశ్వరం రెండు. ఒకటి కృష్ణా తుంగభద్రల సంగమం కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లొస్తాయని దాన్ని రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. రెండోది నంద్యాల వైపు సప్తనదీ సంగమం, అది కదలలేదు. ఏటా నీళ్లలో మునిగి, ఎండాకాలం తేలుతుంది. పిల్లల ప్రాజెక్టు ఫైళ్లలో అలంపురం గుడి వివరం పక్కన నీళ్లలో తేలే గుడి ఫొటో అతికించి ఉంటుంది, మార్కులు వేసేటప్పుడు చూసుకోండి. అలంపురంలో ఇప్పుడు ఎత్తుగడ్డ మీద నిలబడ్డ కూడవెల్లి గుడికి పేరు మాత్రం సంగమేశ్వరమే, సంగమం ఎక్కడో నీళ్ల కింద ఉంది. రాళ్లు వచ్చాయి, రేవు రాలేదు. తీర్థం అంటే రేవు అని మొదటి వారం బోర్డు మీద రాసిన మాటను మళ్లీ రాసి, అలంపురం సంగమేశ్వరానికి పోయేవాడు ఇప్పుడు ఎక్కడికి పోతున్నట్టు అని అడగండి. పది మార్కుల ప్రశ్న.